తొమ్మిదో కబుర్ల కాగితం

మంగళవారం పొద్దున్నే ఆఫీసుకు పోతూ విష్ణు రెండు కట్టల గులాబీరంగు కాగితాలు తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టాడు. మొత్తం మూడు వందలు.

"ఎప్పటిలెక్కనే మూడు మడతలు, అమ్మమ్మా. తొందరేం లేదు," అన్నాడు. గుమ్మం దాటుతూ మళ్లీ వెనక్కి తిరిగాడు. "శుక్రవారం దాక అయితే చాలు. శనివారం ప్రోగ్రాం."

విష్ణుది కరీంనగర్. పగలు గుర్గావ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. మిగిలిన వేళల్లో లక్ష్మీనగర్‌లోని తన అద్దెగదిలో 'పెన్సిల్ బాక్స్' అనే చిన్న పాటల కంపెనీ నడుపుతాడు. సినిమా పాటలు కాకుండా సొంతంగా రాసుకుని, బ్యాండ్ కట్టుకుని పాడే కుర్రకారు ఈ ఊళ్లో కొందరున్నారు. వాళ్ల పాటల్ని సీడీలు చేసి అమ్ముతాడు. ప్రతి సీడీ అట్టకవరులోనూ ఒక కాగితం పెడతాడు. కొత్తగా ఏ రికార్డు వచ్చింది, ఏ బ్యాండ్ ఎక్కడ పాడుతోంది, ఎవరికి గిటార్ వాయించేవాడు కావాలి, ఇలాంటి కబుర్లు ఇంగ్లీషులో ఉంటాయి. ఆ కాగితాలు మడిచేది నేను. రెండో రికార్డు నుంచి ఈ తొమ్మిదో రికార్డు దాకా అన్నీ నా చేతి మడతలే.

ఆ బ్యాండ్లలో 'దూస్రీ చాబీ', అంటే రెండో తాళంచెవి, అనేదానికి పాడేది మా భవ్యశ్రీ, నా కూతురు ఇంద్రాణి కూతురు. ఇంద్రాణికీ అల్లుడికీ గౌహతి బదిలీ అయినప్పుడు, పిల్ల చదువు చెడుతుందని నన్నూ దాన్నీ మయూర్ విహార్ ఫ్లాట్‌లోనే ఉంచి వెళ్లారు. నాలుగేళ్లయింది. పిల్లకు నేను తోడని అందరితో చెబుతారు. దాని చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడేదాకా కిటికీ వదలనిది నేనని వాళ్లకేం తెలుసు.

నేను బడికి వెళ్లలేదు. తెలుగు అక్షరాలు పచారీ పొట్లాల మీద నేర్చుకున్నాను. పెళ్లయి ఢిల్లీ వచ్చాక హిందీ బస్సు బోర్డుల మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం ఈ గులాబీ కాగితాల మీదే. ఒకే కాగితం మూడు వందల సార్లు చేతిలోంచి వెళ్తుంటే కొంతైనా బుర్రకు అంటుకోకుండా ఉంటుందా. ముందు పేర్లు తెలిశాయి, తర్వాత వారాలు, తర్వాత వాయిదా, రద్దు లాంటి మాటలు. తెలియని మాట వస్తే మా ఆయన అనంతరామయ్యగారి అట్ట ఊడిన డిక్షనరీ తీసేదాన్ని. నాలుగో రికార్డు నాటికి కాగితం మొత్తం నాకు అర్థమైంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే మా ఇంట్లో ఒక అలవాటుంది. మడతలు అయిపోయాక భవ్య నా పక్కన కూర్చుని, టీ తాగుతూ, ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా తెలుగులో చెబుతుంది. రోజంతా హిందీ, ఇంగ్లీషు మాట్లాడే పిల్ల ఆ పావుగంట నాకోసం తెలుగు మాటలు వెతుక్కుంటుంది. డ్రమ్ములు వాయించేవాణ్ణి డప్పులబ్బాయి అంటుంది. ఆ కాగితాన్ని తర్వాత నేను బిస్కెట్ల డబ్బాలో దాచుకుంటాను. నాకు చదవడం వచ్చని తెలిస్తే ఆ పావుగంట పోతుంది.

ఆ మంగళవారం అంట్లు కడుక్కుని, స్టీలు చెంచా తెచ్చుకుని పనికి కూర్చున్నాను. చెంచా వెనక వైపుతో నొక్కితే మడత పదునుగా వస్తుంది. మొదటి పది కాగితాలు చదవను. చేతులకు దారి తెలిశాక కళ్లను వదులుతాను.

పైన దూస్రీ చాబీ కొత్త రికార్డు సంగతి, 'బాల్కనీలో బట్టలు', ఆరు పాటలు. దాని కింద నోయిడా బ్యాండ్‌లో ఒకతనికి మణికట్టు విరిగి ప్రోగ్రాం వాయిదా. షిల్లాంగ్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ల పాటలు డిసెంబరులో. చివరి మడతలో, థాంక్యూలకు పైన, నాలుగు వరుసలు ఉన్నాయి.

భవ్యశ్రీ దూస్రీ చాబీ నుంచి విడిపోతోంది. ఈ శనివారం బ్యాండ్‌తో ఆమె పాడటం ఆఖరిసారి. నవంబరు నుంచి ఆ చోట తాన్యా పాడుతుంది. మూడేళ్ల పాటలకు భవ్యకు మా ప్రేమ.

ఇంకో కాగితం తీసి చూశాను. ఇంకోటి. అన్నింట్లోనూ అదే ఉంటుందని తెలిసీ చూశాను.

ఆ పొద్దున్నే పిల్ల మిరియాల నీళ్లు సీసాలో పోసుకుని, కూనిరాగం తీసుకుంటూ ప్రాక్టీసుకు వెళ్లింది. దానికి తెలియదని నాకు తోచింది. మూడేళ్లు పాడించుకుని, రికార్డు చేతికి రాగానే ఎవరో తాన్యాను తెచ్చి పెట్టుకున్నారు. శనివారం మూడు వందల మంది చదివాక ఇది తెలుసుకుంటుంది.

అలా తెలుసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా చెల్లెలు సరోజను అత్తవారింటికి పంపిన రోజు నన్ను పక్క వీధి పేరంటానికి పంపారు. తిరిగొచ్చేసరికి దాని పెట్టె లేదు. మా ఆయన ఇక బతకరని డాక్టరు రెండు రోజుల ముందే అల్లుడితో చెప్పాడట. నాకు మాత్రం రేపు ఇంటికి పంపుతారన్నారు. నేను ఆయన పంచెకు గంజి పెట్టి ఆరేశాను. ఇంద్రాణి బదిలీ సంగతి సామాన్లు సర్దేవాళ్లు అట్టపెట్టెలు తెచ్చాక తెలిసింది. అడిగితే అందరిదీ ఒకటే జవాబు. చెబితే నువ్వు కంగారు పడతావు.

ఈ పిల్లకు అలా జరగకూడదనుకున్నాను. కానీ చెప్పడానికి నోరు రాలేదు. బుధవారం భోజనం దగ్గర ప్రయత్నించాను.

"మీ విష్ణు మంచివాడేనా?"

"ఏంటమ్మమ్మా, సంబంధం చూస్తున్నావా?" అంటూ చారు జుర్రింది. "విష్ణు ఎప్పుడూ ఎక్సెల్ షీట్ చూస్తూ ఉంటాడు. నహీ చలేగా."

"అది కాదే. బ్యాండ్‌లో అందరూ నీతో బాగానే ఉన్నారా?"

"ఏక్‌దమ్." తర్వాత కంచంలోకి చూస్తూ అంది. "శనివారం షోకి నువ్వు రా. ఒక్కసారీ రాలేదు. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. ప్లీజ్."

"ఆ మెట్లూ, ఆ చప్పుడూ..."

"చెవుల్లో దూది పెట్టుకో. కానీ రా."

ఇంత ఆశతో ఉంది పిల్ల, అనుకున్నాను.

గురువారం సాయంత్రం విష్ణు సీడీల అట్టపెట్టెలు పట్టుకుని వచ్చాడు. భవ్య ఇంకా రాలేదు. కూర్చోమన్నాను. టీ పెట్టలేదు.

"ఛాయ్ లేదా అమ్మమ్మా ఇయ్యాల?"

"మూడేళ్లు పాడించుకుని పిల్లను బయటికి నెట్టేవాడికి టీ కూడానా?"

అతని నవ్వు ఆగిపోయింది. "ఎవరు చెప్పిండ్రు మీకు?"

కట్టలోంచి ఒక కాగితం తీసి, చివరి మడత విప్పి, నాలుగు వరుసల మీద వేలు పెట్టాను. అతను వేలు చూశాడు. తర్వాత నా కళ్లజోడు చూశాడు.

"మీకు ఇంగ్లీష్ వస్తదా?"

"నేనడిగింది అది కాదు. దానికి ఎప్పుడు చెబుతావు? అంతమంది ముందు నిలబడి చదువుకోవాలా అది? నీ కడుపు నిండా పెట్టాను విష్ణూ ఈ ఇంట్లో. కనీసం ముందు దానికి చెప్పాలని తోచలేదా?"

విష్ణు తన ఫోను అటూ ఇటూ తిప్పాడు.

"నేను తీసెయ్యలె అమ్మమ్మా. ఆమెనే పోతున్నది. బొంబాయిల పెద్ద కంపెనీ ఒకటి ఆమె ఒక్కదానితోని రికార్డు జేస్తనన్నది. ఆగస్టులనే ఖాయమైంది. మాకు గూడ పోయిన నెల చెప్పింది. ఈ నాలుగు లైన్లు ఆమెనే రాసిచ్చింది. ఆ 'మా ప్రేమ' గూడ ఆమె రాసుకున్నదే."

"బొంబాయా?"

"సోమవారం రైలు."

"ఇంద్రాణికి తెలుసా?"

"ఆంటీకి, అంకుల్‌కి తెలుసు. ఆదివారం ఆంటీ వస్తరట గద మిమ్మల్ని గౌహతి తీస్కపోనీకి..." అని మధ్యలో ఆగాడు. "అది గూడ మీకు చెప్పలేదా?"

నేను చెంచా తీసి బల్ల మీద నిలువుగా పెట్టాను. అడ్డంగా పెట్టాను.

"ఇదంతా అచ్చువేసిన కాగితాలు నా చేతికి ఎందుకిచ్చావు మరి?"

"నేనన్న, ఈసారి బయట మడిపిద్దమని. భవ్యనే అన్నది, ఇంత తక్కువ టైంల మూడొందలు ఇంకెవరు జేస్తరు, అమ్మమ్మకు ఇంగ్లీష్ రాదు గద, ఏం గాదు అని."

లేచి వెళ్లి అతనికి టీ పెట్టాను. అతని మీద కోపం ఉంచుకోవడానికి ఏమీ మిగల్లేదు. గ్లాసు అందిస్తూ, నాకు తెలిసిందని దానితో అనొద్దన్నాను.

"మరెట్ల?"

"అదే చెబుతుంది. ఇంకా రేపటి రోజుంది."

శుక్రవారం పొద్దున అది లేచిన దగ్గర్నుంచి చుట్టూ తిరిగాను. దువ్వెన అందించాను, ఇడ్లీలోకి ఇంకో చట్నీ చేశాను. తలుపు దగ్గర, "ఏమైనా చెప్పాలా?" అని కూడా అడిగాను. "హా, సాయంత్రం టీలో అల్లం వెయ్," అని మెట్లు దిగిపోయింది.

సాయంత్రానికి నలభై కాగితాలు మిగిలాయి. కావాలనే మిగిల్చాను. భవ్య వచ్చి కాళ్లు కడుక్కుని నా పక్క కుర్చీలో కూర్చుంది.

"ఇంకా అవలేదా? నువ్వు స్లో అయిపోయావు అమ్మమ్మా." టీ గుక్క తాగి, తనే ఒక కాగితం తీసుకుంది. "చదవనా?"

"చదువు."

"మా రికార్డు వచ్చింది, బాల్కనీలో బట్టలు. ఆరు పాటలు. ఐదు బాగుంటాయి, ఒకటి విష్ణు రాశాడు." ఎప్పటిలాగే నా ముఖం చూసింది. ఎప్పటిలాగే నవ్వాను. "నోయిడా డప్పులబ్బాయికి చెయ్యి విరిగింది. సో, డప్పులు... క్యా కెహతే హైం... విశ్రాంతి తీసుకుంటున్నాయి. షిల్లాంగ్ అక్కాచెల్లెళ్లు డిసెంబర్‌లో వస్తున్నారు, చలికి భయపడరు కాబట్టి."

దాని బొటనవేలు చివరి మడత మీదికి వచ్చింది. ఆ వేలినే చూశాను. ఇప్పుడు చెబితే ఏమీ తెలియనట్టే వింటాను, ఏడిచినా కాసేపే ఏడుస్తాను అనుకున్నాను.

"ఇంకా, దూస్రీ చాబీ నవంబర్ నుంచి కొన్నాళ్లు సెలవు. అంతే. మిగతావి థాంక్యూలు."

ఒక్క చోట కూడా గొంతు తడబడలేదు. నేను రోజూ మిరియాల నీళ్లు కాచిచ్చి కాపాడిన గొంతు.

"ఏదో వదిలేసినట్టున్నావే."

"నహీ తో."

"ఇంకోసారి చూడు."

"అంతే అమ్మమ్మా, సచ్చీ."

దాని చేతిలోంచి కాగితం తీసుకున్నాను. కళ్లజోడు సర్దుకుని ఆ నాలుగు వరుసలూ పైకి చదివాను, ఇంగ్లీషులోనే, ఒక్కో మాట దగ్గర ఆగుతూ. ఆ భాష బిగ్గరగా నా నోటినుంచి రావడం అదే మొదలు. తాన్యా పేరు దగ్గర తప్పు పలికాను కాబోలు, భవ్య పెదవులు దిద్దబోయి ఆగాయి.

"ఎప్పట్నుంచి చదువుతున్నావు?" అంది చివరికి.

"నాలుగో రికార్డు నుంచి."

"మరి ప్రతిసారీ నాతో ఎందుకు చదివించుకున్నావు? అదీ మోసమే కదా?"

"మోసమే. చదువుతున్నంతసేపూ పక్కన కూర్చుంటావని." కాగితం బల్ల మీద పెట్టాను. "నువ్వెప్పుడు చెబుదామనుకున్నావు?"

"మమ్మీ ఆదివారం వచ్చి చెప్తానంది."

"నిన్నడిగాను."

గోటితో గ్లాసు అంచు గీసింది. "రైలెక్కాక ఫోన్ చేద్దామనుకున్నాను."

ఫ్రిజ్ ఆగి మళ్లీ మొదలైంది. కింద ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అంటుకోవడం లేదు.

"నువ్వు కంగారు పడతావని, అమ్మమ్మా. నిజంగా అంతే."

"పడితే పడనివ్వకూడదా? నా కంగారు నాది కదా. అది కూడా మీరే దాచుకుంటే నాకేం మిగిలింది?"

అది ఏడ్చింది. ఇంకోరోజైతే నేను లేచి దాని తల దగ్గరికి తీసుకునేదాన్ని. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. కాసేపటికి మిగిలిన నలభై కాగితాలూ, చెంచా దాని వైపు జరిపాను.

"ఇవి నువ్వు మడువు."

"నాకు రాదు."

"నీ కబురే కదా. మడువు."

ముక్కు తుడుచుకుని మొదలుపెట్టింది. మొదటిదే తిరగబడింది. లోపల ఉండాల్సిన చివరి మడత పైకి వచ్చి, ఆ నాలుగు వరుసలూ కవరు తీయగానే కనిపించేలా కూర్చున్నాయి. రెండోదీ అలాగే మడిచింది.

"రేపు షోకి వస్తావా?" అంది తలెత్తకుండా.

"సోమవారం రైలు ఎన్నింటికి?"

"అమ్మమ్మా, రేపు..."

"ముందది చెప్పు."

"సాయంత్రం ఐదింటికి. నిజాముద్దీన్ నుంచి."

ఇన్నేళ్లలో నావాళ్లు ఎక్కే రైలు వేళ నాకు ముందుగా తెలియడం ఇదే మొదలు. అది కూడా అడిగి చెప్పించుకున్నది.

టీ గ్లాసులు తీసుకుని లేచాను. మూడో కాగితం కూడా తిరగబడింది. చూసి, దిద్దకుండా వంటింట్లోకి వెళ్లాను.