గలాలీ మైదానం చేజారిన వైనం

బహ్రెయిన్‌లోని గలాలీలో నీళ్ల ట్యాంకర్లు నిలిపే ఇసుకనేలకు శుక్రవారాల్లో ఇద్దరు ప్రభువులు: క్రికెట్ ఆడే జగిత్యాల వీరులు, బేస్‌బాల్ ఆడే ఫిలిప్పీనో వీరులు. ఒక్క బేస్‌బాల్ ఆటతో తగవు తేల్చుకోవాలనీ, ఓడినవారు నేల విడిచిపోవాలనీ సంధి కుదిరింది. మహాసామ్రాజ్యాలు ఇంతకన్నా తక్కువ ఆలోచనతోనే చేతులు మారాయి.

జగిత్యాల పక్షాన బంతి విసిరే భారం వెంకటిది. వారమంతా పరంజాల మీద మాడిన మనిషికి ఆ ఇసుకే స్వరాజ్యం.

ఎదుటి నాయకుడు రోమెల్ కంపెనీ స్టోరుకు అధిపతి. ఆటకు ముందు తన వచ్చీరాని హిందీలో 1951 నాటి న్యూయార్క్ కథ చెప్పాడు: చివరి దెబ్బతో బంతిని మైదానం దాటించి జట్టును గెలిపించిన ఒక జగత్ప్రసిద్ధ హోమ్‌రన్; బంతి ఎలా రానుందో తెలిపే ప్రత్యర్థుల సైగలను ఆ జట్టు దుర్భిణితో దొంగిలించేదని దశాబ్దాల తర్వాత బయటపడిందట.

వెంకటి పకపకా నవ్వాడు. సైగలు మూగవాళ్లకు, తమది బహిరంగ రహస్యం. బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టే గంగాప్రసాద్ "కోరుట్ల" అని అరిస్తే బంతి ఛాతీ ఎత్తున రావాలి, "మెట్‌పల్లి" అంటే మోకాలి ఎత్తున. ఊరి బస్సు దారిలోని పేర్లు ఇక్కడి పరాయివాడికేం తెలుస్తాయి? పైగా గంగాప్రసాద్ పరాయివాడా? చెల్లెలు జమున మొగుడు. వీసా ఇప్పించి తెచ్చింది వెంకటే.

చివరి ఘట్టం. జగిత్యాలది ఒక్క పరుగు ఆధిక్యం. ఫిలిప్పీనోల మనిషి ఒకడు బేస్ మీద పరుగుకు కాచుకున్నాడు. బ్యాటు రోమెల్ చేతిలో ఉంది. అతడు అవుటైతే నేల వీళ్లదే.

"మెట్‌పల్లి!"

బంతి వెంకటి వేళ్లు విడవకముందే రోమెల్ మోకాళ్లు వంచాడు. వెంకటి చూశాడు, కానీ చెయ్యి ఆగలేదు. బంతి ట్యాంకర్ల మీదుగా ఎగిరి కనుమరుగైంది; రెండు పరుగులూ వాళ్లవే, నేలా వాళ్లదే.

మర్నాడు డ్యూటీలో గంగాప్రసాద్ రోమెల్ స్టోరులో, ఏసీ కింద, కుర్చీలో కొలువుదీరి కనిపించాడు.

"మెట్‌పల్లి అంటే ఏందో ఆనికెట్ల ఎరుక బావా?"

"ఆటనే గద బామ్మర్ది! నన్ను ఎండల సావుమంటవా?"

"నువ్వు చెప్పిన కాడ్నే ఏసిన గద."

గంగాప్రసాద్ చల్లని నీళ్ల సీసా అందించాడు. వెంకటి అందుకోలేదు.

సాయంత్రం క్యాంపులో జమున ఫోను.

"అన్నా, మీ బావకు నీడపట్టున పని దొరికిందంట గద! నువ్వే మాట్లాడి ఇప్పిచ్చినవంట?"

పక్క మంచం మీద గంగాప్రసాద్ గోడవైపు తిరిగాడు.

"అవ్ చెల్లె," అన్నాడు వెంకటి, "నేనే ఇప్పిచ్చిన."