వెర్నా టాకెట్ అందించిన పాట

శనివారం లోపు ఓర్లీనా స్టిడమ్ చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. గిటారుకు కొత్త తీగలు బిగించి, రెండు పూటలైనా వాయించి వాటిని లొంగదీయాలి. వ్యాను ముందద్దం తుడిచే పుల్ల ఊడి వేలాడుతోంది, దాన్ని బిగించాలి. బల్ల మీద పెట్టి అమ్మే సీడీలు, చొక్కాలు అట్టపెట్టెల్లో సర్దాలి. చలికి గొట్టాలు పగలకుండా ఇంటి నీళ్లు కట్టేయాలి. పిల్లికి తిండి పెట్టమని పక్కింట్లో చెప్పాలి. కొండ మీద, తనకు పాట నేర్పిన వెర్నా సమాధి దగ్గర గాలికి పడిపోయిన ప్లాస్టిక్ పూలు నిలబెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఐదు నిమిషాల పాటను నాలుగు నిమిషాలకు కుదించాలి.

ఆ చివరి పని తప్ప అన్నీ అయ్యాయి.

లెక్సింగ్టన్‌లో ఒక పెద్ద హాల్లోంచి ప్రతి శనివారం సాయంత్రం పాటల కార్యక్రమం జరుగుతుంది. అది జరుగుతుండగానే రేడియోలో మూడు రాష్ట్రాలకు వినిపిస్తుంది. ఈసారి అందులో ఓర్లీనాకు నాలుగు నిమిషాలు ఇచ్చారు. నాష్‌విల్ నుంచి ఒక రికార్డు కంపెనీ మనిషి వచ్చి ముందు వరసలో కూర్చుంటాడు. అతనికి నచ్చితే ఆమె పాటలు దేశమంతా విడుదలవుతాయి.

ఇరవై ఏళ్లుగా ఓర్లీనా ఎవరి కిందా పాడలేదు. పాట తనే కడుతుంది, వంటింట్లో తనే రికార్డు చేస్తుంది, ఊరూరికీ తనే బండి నడుపుకుని పోతుంది, పాడడం అయ్యాక బల్ల వెనక నిలబడి తనే అమ్ముతుంది. ఒక బార్లో టీవీలో బాస్కెట్‌బాల్ ఆట వస్తోంటే కాసేపు ఆపమని అడిగింది. ఆపలేదు. ఆట అయ్యేదాకా ఆ ఆటగాళ్ల మీదే పాట కట్టి పాడింది, జనం టీవీకి వీపు పెట్టి కూర్చున్నారు. యాస మార్చుకోమన్న కంపెనీకి ఒకసారి, వయసు తగ్గించి చెప్పమన్న కంపెనీకి ఒకసారి నమస్కారం పెట్టి వచ్చేసింది. కానీ ఇప్పుడు గొంతు బార్లలో పొగను ఓర్చుకోవడం లేదు. చలికాలంలో రాత్రంతా బండి నడిపితే మర్నాడు చేతివేళ్లు ముడుచుకోవడం లేదు. ఈ అవకాశం ఆమెకు నిజంగానే కావాలి.

ఆ నాలుగు నిమిషాల పాటకు మాటలు ఓర్లీనావి, రాగం వెర్నా టాకెట్‌ది. కెంటకీ కొండల్లో బుల్ క్రీక్ వాగు పక్కన వాళ్లవి పక్కపక్క ఇళ్లు. అక్కడి గుడిలో, అంటే చర్చిలో, వాయిద్యాలుండవు. పెద్దాయన ఒకరు కీర్తనలో ఒక్కో పాదాన్ని గబగబా అందిస్తాడు. జనమంతా దాన్ని అందుకుని, చలికాలంలో బెల్లప్పాకం జారినట్టు నెమ్మదిగా సాగదీసి పాడతారు. అది పూర్తయ్యాక తర్వాతి పాదం అందిస్తాడు. ఆడవాళ్లు అందుకోవచ్చు గాని అందించకూడదు. వెర్నా గొంతు వాగు అవతలికి వినిపించేది. ఒక ఆదివారం ఉండబట్టలేక పాదం అందించబోతే, గుడి పెద్ద ఆర్విల్ స్లోన్ అందరి ముందూ ఆమెను కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి ఆమె ఇంటి వసారాలో చిక్కుళ్లు ఒలుస్తూ పాదాలు అందించేది. అందుకోవడానికి ఉన్నది పక్కింటి పిల్ల ఓర్లీనా ఒక్కతే. మొన్న శీతాకాలం వెర్నా పోయింది.

బుల్ క్రీక్‌లో ఎవరూ పాట ఎక్కడిదో చెప్పకుండా ఎత్తుకోరు. ఫలానావాళ్లు ఇచ్చారు అనాలి, తర్వాతే నోరు విప్పాలి. అలా చెప్పని పాట పక్కవాళ్ల కోడిని కోసుకు తిన్నట్టే లెక్క.

శనివారం మధ్యాహ్నం హాల్లో సాధన చేసేటప్పుడు ఓర్లీనా వెర్నా పేరు చెప్పడం మొదలుపెట్టగానే, కార్యక్రమం నడిపే ప్రెంటిస్ గేల్ చెయ్యెత్తి ఆపాడు. ఆయన మర్యాదస్తుడు, విసుక్కోలేదు.

"చూడండమ్మా, మాటలు చెప్పడానికి మాకు మనిషున్నాడు. మీరు పాడితే చాలు. ఆ వెర్నా ఎవరో ఎవరికి తెలుసు?"

"చెప్తే తెలుస్తుంది కదండీ."

"చెప్తే మీ పాటలో ఒక చరణం పోతుంది. నాలుగు నిమిషాలు దాటితే నేను మధ్యలోనే కోసేస్తాను. మీ ఇష్టం."

బయటికొచ్చాక డోవీ క్రాఫ్ట్ పట్టుకుంది. డోవీ ఆమె పాటలకు బేసు గిటారు వాయిస్తుంది, చిన్నప్పటి స్నేహితురాలు. ఇద్దరూ పళ్లూడిపోయేదాకా బార్ల చుట్టూ తిరగాలా అని అడిగింది. తనకు ఇప్పటికే రెండు ఊడాయని కూడా గుర్తుచేసింది.

"ఈ ఒక్కసారికీ గమ్మున పాడవే. వెర్నా పిన్నేం లేచొచ్చి అడగదు."

"లేచి రాదనేగా అందరి ధైర్యం," అంది ఓర్లీనా.

సాయంత్రానికి బుల్ క్రీక్ నుంచి గుడి బస్సు వచ్చింది. మన పిల్ల రేడియోలో పాడుతోందని ముసలీముతకా అంతా దిగారు, వెనక వరసలు నింపేశారు. ఆర్విల్ స్లోన్ కూడా వచ్చాడు, మనవరాలి భుజం పట్టుకుని. గుడి రాగానికి గిటారు కట్టావటగా అని దారిలో నిలదీశాడు. అది గుడిది కాదు పెద్దయ్యా, వెర్నాది అని ఓర్లీనా చెప్పింది. ఆయన లోపలికి నడిచాడు.

రేడియోలో వినిపించడం మొదలైందని చెప్పే ఎర్రదీపం వెలిగింది. ఓర్లీనా మైకు ముందుకొచ్చి తీగల మీద అరచెయ్యి ఆనించి వాటిని ఊరుకోబెట్టింది. మాటలు చెప్పకూడదన్నారు, పాడొద్దనలేదు. గుడిలో పెద్దాయన అందించే తీరులోనే ఒక్క ఊపిరిలో అందించింది:

"వెర్నా టాకెట్ ఇచ్చిన రాగమిది, బుల్ క్రీక్ ఒడ్డున ఇచ్చిన రాగమిది."

ఆ ఒక్క పాదం పాడి గిటారు అందుకోవాలన్నది ఆమె ఆలోచన. కానీ వెనక కూర్చున్నవాళ్లు తల్లి ఒళ్లో ఉన్నప్పటి నుంచీ, పాదం వినబడితే అందుకోవడమే ఎరుగుదురు. ఇది రేడియో అని, ఇక్కడ వినడానికి మాత్రమే వచ్చామని ఎవరికీ తోచలేదు. అందరికన్నా ముందు ఆర్విల్ నోరే తెరుచుకుంది. వెంటనే బస్సు బస్సంతా అందుకుంది. వెర్నా పేరు ఒక్కో అక్షరమే సాగుతూ, వంగుతూ, హాలంతా నిండింది. నగరం జనం మెడలు తిప్పి చూశారు. పక్కన గేల్ గడియారం చూపిస్తూ చేతులు ఊపుతున్నాడు. మొదలైన పాదాన్ని మధ్యలో ఆపడం వాళ్లకు చేతకాదు.

పాదం పూర్తయ్యింది. వాళ్లు తర్వాతి పాదం కోసం చూస్తున్నారు.

ఇంకా గిటారు మొదలుపెట్టే వ్యవధి ఉంది. రెండు చరణాలు పడతాయి, ముందు వరసలో కంపెనీ మనిషి ఆశగానే చూస్తున్నాడు. డోవీ వేళ్లు బేసు మీద సిద్ధంగా ఉన్నాయి. ఓర్లీనా ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపి, రెండో పాదం అందించింది:

"గుడిలో పాదం ఇవ్వనీయలేదు, వసారాలో కూర్చుని ఇచ్చింది."

ఈసారి ఎవరూ అందుకోలేదు. అందరి చూపులూ ఆర్విల్ మీదికి పోయాయి. ఆ మాట ఎవరి గురించో ఆయనకు తెలుసు. మొదటిసారి అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. ఇప్పుడు అలా అనుకోవడానికి వీల్లేదు. ముసలాయన ముందు కుర్చీని ఊతగా పట్టుకుని లేచి నిలబడ్డాడు. పాదం అందుకున్నాడు. ఆయన వెనక అందరూ లేచారు.

పాదం సగంలో ఉండగా గేల్ రేడియో ప్రసారం ఆపేశాడు. రేడియోలో గోధుమపిండి ప్రకటన వచ్చింది. హాల్లో మాత్రం పాదం చివరిదాకా నడిచింది.

కంపెనీ మనిషి అప్పటికే కోటు వేసుకుంటున్నాడు. పాట పాడమని పిలిస్తే పాడనేలేదని, ఇక ఈ వేదిక మీదికి రావద్దని గేల్ నెమ్మదిగానే చెప్పాడు.

"పాడానండీ," అంది ఓర్లీనా. "ఆవిడెవరని అడిగారు కదా, చెప్పాను."

బస్సు దగ్గర ఆర్విల్ ఆమె కోసం ఆగాడు. క్షమించమని అనలేదు, అనే మనిషీ కాదు.

"రెండోది మరీ పైన ఎత్తావే అమ్మాయ్. మా గొంతులకు అందలా."

"ఆవిడ ఎత్తు అదే పెద్దయ్యా."

"తెలుసు," అని ఆయన మెట్టెక్కాడు.

ఓర్లీనా ఇప్పటికీ పాడుతూనే ఉంది, ఎక్కడ పిలిస్తే అక్కడ, ఎవరి కిందా కాకుండా. ఆ రాగం మాత్రం రేడియోలో విన్నవాళ్ల నోట పడి ఆమెకన్నా ముందే ఊళ్లు తిరుగుతోంది. ఎవరెవరో పాడుతున్నారట, ఎక్కడిదో చెప్పకుండానే. మీకెక్కడైనా వినబడితే, పాడినవాళ్లు చెప్పకపోయినా మీ పక్కన కూర్చున్నవాళ్లకు మీరు చెప్పండి. ఓర్లీనాను మరిచినా ఆమె ఏమీ అనుకోదు. వెర్నా టాకెట్‌ను గుర్తుపెట్టుకోండి.