మొహం ఉండాల్సిన చోట శంఖం

కళ్ళజోళ్ళ కొట్టాయన కన్నతల్లి తల తీసేశాడని పక్కింటి కురమోచి గారి భార్య టోఫు అమ్మే ఆవిడతో అందట. ఆ కొట్టాయన నా మొగుడే, సెన్కిచి.

"తల తీసి శంఖం పెట్టాడట కదమ్మా!" అంది టోఫు ఆవిడ, నా గిన్నెలో టోఫు వేస్తూ. "మీ ఆయన ఫోటోల సంఘం వాళ్ళు ఆ ఫోటోని డిపార్ట్‌మెంటు స్టోరు పై అంతస్తులో తగిలించారట. కురమోచి గారావిడ దుప్పటి కొనడానికి పోయి చూసొచ్చింది. కిమోనో, చేతులు అచ్చం మీ అత్తగారివేనట."

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తయ్యకి గుండె బాగాలేదు. తను పోయాక ఇంట్లో పెట్టుకుని దణ్ణం పెట్టుకోవడానికి ఒక ఫోటో తీయరా అని వసంతం నుంచీ కొడుకుని బతిమాలుతోంది. పోయిన నెల తీశాడు. నల్ల కిమోనో కట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది పాపం. ఆ తర్వాత పరుపు మీంచి లేవలేదు.

కొట్లోకి వెళ్ళాను. "ఏవండీ, అత్తయ్య మొహం ఏదీ?"

"మొహం ఉంటే అది ఉత్త ఫోటో. నేను చేసింది కల," అన్నాడు, కళ్ళద్దం తుడుచుకుంటూ.

"ఫోటో తీసిన గాజు పలక ఉందిగా? మొహంతో ఇంకోటి అచ్చు వేయండి."

"పలక మీద మొహం గీకేశాను. శంఖం కుదురుగా కూర్చోవద్దూ?"

"యుద్ధం పేరు చెప్పి మన హకతా ఊళ్ళో ఎక్కడా పలకలు దొరకడం లేదు. ఉన్న ఒక్కదాన్నీ గీకేశారా!"

"నీకు తెలీదే. ఇలా కలల్ని ఫోటో తీయడం పారిస్ నుంచి దిగిందంటారు అందరూ. కాదు. పాత గొడుగులకి కళ్ళొచ్చి, చెప్పులకి కాళ్ళొచ్చి రాత్రిళ్ళు ఊరేగే బొమ్మలు గీసిన పాత కాగితపు చుట్ట మా ఇంట్లో ఉండేది. అమ్మే విప్పి చూపించేది. అంతా అక్కణ్ణుంచే."

"అయితే గొడుగునే గీక్కోకపోయారా!"

లోపల్నుంచి అత్తయ్య పిలిచింది. "ఒరేయ్ సెన్కిచీ, నా ఫోటో అయిందట కదా, తేరా."

సిగ్గు లేకుండా ఆ శంఖం ఫోటోదే ఇంకో ప్రతి తీసుకెళ్ళి చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"మొహం ఎవడైనా తీస్తాడమ్మా," అన్నాడు, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని. "నేను నీ లోపలున్నది తీశాను."

"లోపలున్నది నాతోపాటే కాలిపోతుందిరా. మీకు మిగిలేది మొహం ఒక్కటే. అది గీకి పారేశావు."