నాలుగో వరస

మా నాన్నకు నేనంటే మహా గొప్ప. ఆ గొప్పే మా కొంప ముంచింది.

నరసన్నపేటలో ఆడిటరు నారాయణమూర్తిగారి ఆఫీసులో పనిచేస్తాను. కంపెనీ పెట్టాలని ఎవరైనా వస్తే, వాళ్లు అనుకున్న పేరు అప్పటికే ఇంకెవరిదైనా అయి ఉందేమో కంప్యూటర్లో వెతికి చెప్పాలి. పేరు కొడితే చాలు, ఆ కంపెనీ ఎప్పుడు పుట్టింది, బతికుందా చచ్చిందా, డైరెక్టర్లెవరు, అన్నీ తెర మీదికొస్తాయి. ఈ ముక్క ఒకసారి ఇంట్లో చెప్పాను. ఇంకేముంది, మా నాన్న చర్చిలో కనబడినవాళ్లందరికీ టాంటాం వేశాడు. "మా ప్రిస్కిల్లా పేరు కొట్టిందంటే పాతాళంలో ఉన్నోడైనా దొరికిపోవాల!"

ఇంతలో పసిడిచేను ఆగ్రో అనే కంపెనీ జీడితోటల పేరు చెప్పి ఊరూరా డిపాజిట్లు కట్టించుకుని బోర్డు తిప్పేసింది. మా నాన్న ఆదాము ఆ కంపెనీ బ్రాంచిలోనే వాచ్‌మన్. నమ్మి ఆయనా కట్టాడు, వాళ్లక్క గున్నమ్మ చేతా కట్టించాడు. గున్నమ్మత్త మాలా మతం మారలేదు, వేరే ఊళ్లో ఉంటుంది. అమ్మానాన్న పెట్టిన పేరు మార్చడానికి ఆ పాస్టరెవడని ఇప్పటికీ తమ్ముడితో పోట్లాడుతూనే ఉంటుంది.

వాచ్‌మనే అయినా మా నాన్నను జనం ఒక్క మాట అనలేదు. ఆయనా మునిగినవాడే, పైగా సంఘపెద్ద, ప్రాణం పోయినా అబద్ధమాడడని పేరు. డిపాజిట్లు వసూలు చేసిన ఏజెంటును మాత్రం వదల్లేదు. భావనపాడులో దొరికితే వలలు ఆరేసే గుంజకు కట్టి కొట్టారు. ఆ మనిషి బతుకుతాడో లేదో ఆసుపత్రివాళ్లే చెప్పలేకపోతున్నారు.

సోమవారం ఆడిటరుగారు విశాఖ వెళ్లారు. మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఉన్నాను. మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడయింది, చూస్తుండగానే గది నిండిపోయింది. అందరికంటే ముందు మా నాన్న, ఆయన వెనకే చినబాబు. పడవ ఇంజను కోసం కూడబెట్టిందంతా పోగొట్టుకున్నవాడు. చేతిలో కావిడిబద్ద ఉంది.

"ఏటి నానా ఇది?"

"ఏం లేదమ్మా. ఆ కంపెనీ డైరెక్టర్లు ఎవులో కొట్టి సెప్పు. ఊర్లు తెలిస్తే సాలు, మిగతాది ఈళ్లు సూసుకుంటారు."

"అత్తేది?"

"కింద అరుగు మీద కూకున్నాది. మోకాళ్ల నొప్పి, మెట్లెక్కలేనన్నాది."

నాకూ ఒళ్లు మండుతూనే ఉంది. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి చేతులు కాల్చుకుని అత్త దాచుకున్న డబ్బది. దొరకండర్రా మీ పని చెబుతాననుకుంటూ పేరు కొట్టాను. నాలుగు వరసలొచ్చాయి. పైమూడూ ఎక్కడో హైదరాబాదు పేర్లు. నాలుగోది చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అందులో మా ఇంటిపేరు ఉంది. దాని పక్కన లక్ష్ముడు అని ఉంది.

అది మా నాన్న పాత పేరు. బాప్తిస్మం రోజునే దాన్ని ఏట్లో వదిలేశానంటాడు. మా వీధిలోగానీ సంఘంలోగానీ ఆ పేరు ఎవరికీ తెలియదు. పాన్ కార్డులో, ఆధార్లో మాత్రం బడిలో రాయించిన ఆ పేరే మిగిలిపోయింది. పీఎఫ్ కట్టాలని చెప్పి బ్రాంచి మేనేజరు ధనరాజ్ ఆ కార్డులే పట్టుకెళ్లాడు, ఫొటో తీయించాడు, బోలెడు సంతకాలు పెట్టించాడు. కంపెనీ మనల్నీ మనుషుల్లా చూస్తోందని మా నాన్న ఆరోజు ఎంత మురిసిపోయాడో! పాపిష్టి వెధవ, ఆ సంతకాలతోనే ఆయన్ను డైరెక్టరుగా ఎక్కించేశాడు!

మూడు పేర్లు చదివి, "అంతే, అయిపోయాయి" అంటూ మౌస్ మీద చెయ్యేశాను.

"ఆగమ్మా." నాన్న వంగి తెర మీద వేలు పెట్టాడు. తెలుగు బైబిలు గడగడా చదువుతాడు గానీ ఆయనకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. "నాలుగు వరసలున్నాయి. నువ్వు మూడే సదివినావు."

"అది చెల్లనిది నానా."

"సెల్లనిదైతే ఎందుకుంటాది?"

"ఏటమ్మా, మీ సుట్టమేటి?" అని చినబాబు నవ్వాడు.

"నానా, నువ్వు ముందు ఇంటికెళ్లు. అమ్మకు ఒంట్లో బాగోలేదని ఫోనొచ్చింది."

"అబద్దాలాడకే. మీ యమ్మ ఇప్పుడే నాకు అన్నమెట్టి పంపినాది." నాన్న గొంతు పెంచాడు. "మన సంఘపోడే అవనీ, నా సొంత తమ్ముడే అవనీ, దాసొద్దు. ఇంతమంది ఉసురు పోసుకున్నోడు ఆడు. సదువు!"

అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి. ఇంటిపేరు మింగేసి చదివాను.

"లక్ష్ముడు."

నాన్న వేలు తెర మీదే ఉండిపోయింది. నా మొహంలోకి చూశాడు. తల కొద్దిగా అడ్డంగా ఊపాను. ఆయన మెల్లగా వేలు కిందికి దించేశాడు.

"ఎవుడా లక్ష్ముడు? ఏ ఊరోడు?"

"ఊరు రాయలేదు," అన్నాను.

"ఆదాము మావా, నువ్వు అక్కడే పన్జేసినావు గదా. నీకు తెలుసేటి?"

మా నాన్న నోరు తెరిచాడు. నిజం చెప్పేస్తాడేమో! దేవా, ఈ ఒక్కసారికి ఆయన నోరు కట్టెయ్యి అనుకున్నాను.

"తెలీదురా," అన్నాడు.

మా నాన్న నోట నేను విన్న మొదటి అబద్ధం అదే.

"పేరు గుర్తెట్టుకోండర్రా. ఎక్కడికి పోతాడు!" అంటూ చినబాబు కావిడిబద్ద భుజానేసుకున్నాడు. గుంపు తలుపువైపు తిరిగింది. నాన్న కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు, చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. గండం గడిచింది తండ్రీ అనుకున్నాను.

అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడు వినిపించింది. కాళ్లు ఈడ్చుకుంటూ, ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కి వస్తోంది అత్త. నేను దిగ్గున లేచాను. తలుపుకూ నాకూ మధ్య అంతమంది మనుషులు.

"ఒరే లక్ష్ముడూ! ఎంతసేపురా? దొరికినాడేటి ఆ దొంగనాకొడుకు?"

తలుపు దగ్గర చినబాబు ఆగిపోయాడు. మెల్లగా వెనక్కి తిరిగి మా నాన్నవైపు చూశాడు. తమ్ముడు పలకలేదని అత్త ఇంకో మెట్టెక్కి, మళ్లీ ఇంకా గట్టిగా పిలిచింది.