కేరల్స్ రాని గుమ్మం

క్రిస్మస్ పాటలవాళ్లను పిలవకూడదు, వాళ్లంతట వాళ్లే రావాలి. పిలిస్తే వచ్చేది పేరంటం అవుతుంది గానీ కేరల్స్ కావు. ఈ పంతంతోనే శామ్సన్ రెండు డిసెంబర్లు ఊరి చివర బీర్‌గావ్‌లో కొడుకు అద్దె ఇంటి ముందు నక్షత్రం వెలిగించుకుని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు.

రైల్వే గార్డుగా ఉన్నన్నాళ్లూ ఊళ్లో గుఢియారీ పేట పక్కన ఆయన క్వార్టర్‌ను ఆగకుండా దాటి పాటలవాళ్లు వెళ్లిందే లేదు. వాళ్ల కోసమని భార్య రెబెకా గులాబీ పువ్వులూ కజ్జికాయలూ వండి డబ్బాలు నింపేది. ఆయన రిటైరై క్వార్టర్ వదిలిన ఏడే ఆమె పోయింది. ఆదివారం చర్చిలో అందరూ బాగున్నారా అంటారు, ఇప్పుడు మీ ఇల్లెక్కడని మాత్రం ఒక్కరూ అడగరు. ఆయనకు ఒళ్లు మండేది.

ఈసారి తనే వెళ్లి చర్చి పాటల జట్టులో కలిశాడు. వెంట నడుస్తుంటే ఎవరో ఒకరు, మరి మీ ఇంటికెప్పుడు రమ్మంటారని అనకపోతారా అని ఆశ. జట్టుకు ముందు నడిచేవాడు విజయ్. అందరూ తెలుగువాళ్ల పిల్లలే అయినా, ఈ హిందీ ఊళ్లోనే పుట్టి హిందీ బళ్లలో చదివినవాళ్లు. తెలుగు పాటలను హిందీ అక్షరాల్లో రాసుకుని, అర్థం తెలియకపోయినా శ్రుతి తప్పకుండా పాడతారు.

వాళ్లు ఆగిన ఒక గేటు చూసి శామ్సన్ రోడ్డు మీదే ఆగిపోయాడు. అది తన పాత క్వార్టర్.

"యహాఁ తో హర్ సాల్ ఆతే హైఁ, అంకుల్," అన్నాడు విజయ్.

ఏటా వస్తున్నారట. మనిషి మారినా అలవాటు మారలేదన్నమాట. ఇప్పుడు అక్కడుంటున్న ఉమేష్ దండం పెట్టి అందరినీ లోపలికి పిలిచాడు, భార్య చాయ్ తెచ్చింది. రెబెకా కుట్టుమిషను ఉండే మూల ఫ్రిజ్ పెట్టుకున్నారు.

పాట అయ్యాక పెద్దవాళ్లు ఆ ఇంటి కోసం ప్రార్థించడం ఆనవాయితీ.

"ప్రేయర్ ఆప్ కీజియే, అంకుల్," అంటూ విజయ్ ఆయన్నే చేయమన్నాడు.

శామ్సన్ కళ్లు మూసుకున్నాడు. ఊళ్లో అందరితో హిందీ మాట్లాడినా దేవుడితో ఆయనది తెలుగే.

"ప్రభువా, ఈ ఇంటిని చల్లగా చూడు. ఇక్కడే నా రెబెకా నవ్వుతా ఇంతమందికీ పెట్టేది. ఇప్పుడు నా గుమ్మం ఎవరికీ గుర్తు లేదు తండ్రీ. సిగ్గు విడిచి అడుగుతున్నా, ఈ పిల్లల్ని ఒక్కసారి నా ఇంటికి కూడా పంపించు. కొడుకు డ్యూటీకెళ్తే ఆ ఇంట్లో ఒక్కడినీ ఉండలేకపోతున్నాను."

అక్కడితో ప్రార్థన ముగించాడు.

"ఆమెన్," అన్నారు పిల్లలంతా గట్టిగా.

అడిగేశాను, ఇక ఏమంటారో అనుకుంటూ కళ్లు తెరిచాడు. విజయ్ అప్పటికే గిటారు భుజాన వేసుకుంటున్నాడు.

"బహుత్ అచ్ఛా ప్రేయర్, అంకుల్. చలియే, అగలా ఘర్."

ప్రార్థన చాలా బాగుంది, ఇక తర్వాతి ఇంటికి పదండి అంటున్నాడు. ఒక్క ముక్కా వాళ్లకు తెలియలేదని ఆయనకు అప్పుడర్థమైంది. అదే హిందీలో మళ్లీ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ పిలిస్తే వచ్చేవి కేరల్స్ కావనుకుంటూ శామ్సన్ పిల్లల వెనకాలే పక్కింటికి నడిచాడు.