యాభై రెండు డెసిబెల్స్

...అయినా యాభై రెండు ఎలా వస్తుంది? ఆ బుద్ధి అప్పుడే ఉండాల్సింది. ఇంతకు ముందు ఏ మిక్సర్‌కీ నలభై దాటలేదు. దాటనిది దాటితే మనిషికి అనుమానం రావాలి. తనకు సంతోషం వచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. గోడలకు రేకు తాపడం చేసిన కొలతల గదిలో అతను ఒక్కడే కూర్చుని, చేతిలోని కేబుల్ కొనను చూస్తున్నాడు. మధ్యలో ఉండాల్సిన సన్నటి పిన్ను లోపలికి కుంగిపోయింది.

మిక్సర్ అంటే రేడియో పెట్టెలోని బోర్డు మీద ఉండే చిన్న భాగం; దానికి మూడు పోర్టులు, అంటే మూడు ద్వారాలు. ఒకదాంట్లోకి యాంటెనా పట్టిన బలహీనమైన సిగ్నల్ వస్తుంది, రెండోదాంట్లోకి పెట్టెలోనే పుట్టిన బలమైన అల. రెండూ కలిసి మూడోదాంట్లోంచి పోవాలి. బలమైన అల వెనక్కి, యాంటెనా వైపు కారకూడదు. అది ఎంత గట్టిగా ఆగుతోందో డెసిబెల్స్‌లో కొలవడమే ఆరేళ్లుగా అతని పని. అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. కొలిచే ముందు కేబుల్ బాగుందో లేదో చూసుకోవాలి. యాభై రెండు వచ్చిన రోజు చూసుకోలేదు. పాడైన కేబుల్ గుండా దాదాపు ఏమీ రాదు. ఏమీ రాకపోతే అల అంతా ఆగినట్టే లెక్క, అంకె అద్భుతంగా ఉంటుంది.

పొద్దున మంచి కేబుల్ పెట్టి మళ్లీ కొలిచాడు. ముప్ఫై ఒకటి. కనీసం ముప్ఫై అయిదు ఉండాలి. రేపు రెండు వందల బోర్డులు బయటికి పోతాయి.

ఆరేళ్లు ఈ గదిలోనే డబ్బా విప్పుకుని తిన్నాడు. క్యాంటీన్‌కు ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. పోయిన సోమవారం ఆ అంకె చూసి, మిక్సర్ డిజైన్ చేసిన అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, అంతా మీ చేతి చలవే! ఇవాళ మాతో తినాల్సిందే." అప్పటినుంచి క్యాంటీన్‌లో కిటికీ పక్క కుర్చీ అతనిది. స్టోర్సు చూసే పెద్దాయన అతన్ని 'యాభై రెండు' అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపుకి లోపల ఏదో వెచ్చగా కదిలేది. ఇంత చిన్నదానికి అంత పొంగిపోయిన మనిషిని తలుచుకుంటే జాలేసింది. జాలి కాదు, సిగ్గు. కుర్చీ తనకిచ్చారా, అంకెకిచ్చారా? తెలుసుకోవాలని లేదు.

డబ్బా పట్టుకుని క్యాంటీన్‌కు వెళ్లాడు.

"రావయ్యా యాభై రెండూ! ఇంకాస్త ఆలస్యమైతే నీ కూర కోసం నేనే వచ్చేవాణ్ణి," అన్నాడు పెద్దాయన.

"అన్నయ్య డబ్బా జోలికెళ్తే ఊరుకోను బాబాయ్," అంది అమ్మాయి. "ఏంటన్నయ్యా, అలా మొహం వేలాడేసుకున్నారు? ఇంట్లో తిట్లు పడ్డాయా?"

"తిట్టడానికైనా ఎవరో ఒకరుండాలిగా."

అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. కూర్చుని మూత తీశాడు.

"రేపు బోర్డులు పోగానే ఫోటో దిగుదాం. మధ్యలో మీరే నిలబడాలి," అంది.

తిన్నాక చెప్పొచ్చు. సాయంత్రం చెప్పొచ్చు. ఒక్క పూట ఇలా గడిస్తే ఎవరి సొమ్మేం పోయింది? పెద్దాయన తన కూరలోంచి ఇంత తీసి అతని అన్నం పక్కన పెట్టాడు. అడగకుండానే.

అతను చెంచా కింద పెట్టాడు.

"చెల్లెమ్మా, అది యాభై రెండు కాదు. ముప్ఫై ఒకటి. కేబుల్ పాడైంది, నేనే చూసుకోలేదు. బోర్డులు ఆపమని చెప్పు."