నురగ కట్టిన డ్రమ్ము

మా షెడ్డులో నాకు శుభ్రం పిచ్చని పేరు. ఉంటే ఉండనీ. ఇరవై రెండేళ్ళుగా కమలాపళ్ళు కడిగించి, ఏరించి, పెట్టెల్లో సర్దించే మేస్త్రీని నేను. డ్రమ్ములో గుప్పెడు బ్లీచింగు పొడి పడనిదే ఒక్క పండునూ ముంచనివ్వను.

నా కూతురు మూడేళ్ళు ప్రయోగశాలలో కూర్చుని, కోసిన పళ్ళకు బూజు పట్టనివ్వని మందు నీళ్ళు తయారుచేసింది. మా యజమాని మొహం ముడుచుకునే దాన్ని వాడి చూడటానికి ఒప్పుకున్నాడు.

"ముప్పై పెట్టెలిస్తానమ్మాయ్. ఇరవయ్యో రోజు తెరుస్తాను. బూజు కనబడిందో, మళ్ళీ ఈ మాట నా దగ్గర ఎత్తకూడదు" అన్నాడు.

పళ్ళు ముంచాల్సిన రోజు పొద్దున్నే నా కూతురు ఆ మందు నీళ్ళతో డ్రమ్ము నింపి, పళ్ళ పెట్టెలు తేవడానికి వెళ్ళింది. కిందపడి గీరుకున్న కమలాపండొకటి కనబడితే, దుమ్ము పోవాలని ఆ డ్రమ్ములోనే ముంచి తీసి, నా పిల్ల కోసమని నా సంచిలో వేసుకున్నాను. అప్పుడు చెయ్యి వాసన చూసుకున్నాను. ఛీ, పులిసిన కంపు! నీళ్ళ మీద నురగ కూడా కట్టింది. మందు పాడైపోయింది కాబోలు, నలుగురూ నా బిడ్డను చూసి నవ్వుతారని భయం పట్టుకుంది. ఎవరూ చూడకుండా గుప్పెడు బ్లీచింగు పొడి పోసి కలిపేశాను.

"నురగేదమ్మా?" అంది వచ్చాక.

"కలిపానే, అణిగింది" అన్నాను.

షెడ్డంతా ఎప్పుడూ బ్లీచింగు వాసనే కాబట్టి దానికి తేడా తెలియలేదు. ముప్పై పెట్టెల పళ్ళూ ముంచి తీసింది. సాయంత్రం ఇంట్లో ఆ పండు ఇస్తే, "రోజంతా వాటి మధ్యే ఉన్నా, ఇప్పుడొద్దమ్మా" అని ఫ్రిజ్జు మీద పెట్టేసింది. అక్కడికి నా చెయ్యి అందదు. ఇద్దరం మరిచిపోయాం.

ఇరవయ్యో రోజు పెట్టెలు తెరిచారు. పచ్చటి బూజు. ఏ పెట్టె తీసినా అదే. యజమాని చేతులు దులుపుకున్నాడు. నా పిల్ల పెట్టె పక్కనే చతికిలబడింది.

"మూడేళ్ళు దండగ చేశానమ్మా. అవి అసలు బతకనే లేదు."

"ఏవే?"

"ఈస్టులు. మేలుచేసే సూక్ష్మజీవులు. పండు మీద గీత పడితే బూజు కన్నా ముందే అక్కడ చేరి, దానికి చోటూ తిండీ లేకుండా చేస్తాయి. సూక్ష్మజీవులంటే నువ్వు షెడ్డులోకే రానివ్వవని మందని చెప్పాను."

అయితే వాటిని చంపింది నేను పోసిన బ్లీచింగే. యజమాని గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. నోరు మూసుకుంటే నా పేరు నాకు దక్కుతుంది, నా బిడ్డ మాత్రం తన చదువంతా అబద్ధమనుకుంటూ బతుకుతుంది. అది నావల్ల కాలేదు.

"బాబూ, ఆగండి! దాని తప్పేం లేదు. కొంప ముంచింది నేను. ఆ నీళ్ళలో బ్లీచింగు పోశాను" అన్నాను. పనివాళ్ళందరూ నన్నే చూశారు.

"కూతురని వెనకేసుకొస్తున్నావా?" అన్నాడాయన.

అప్పుడు గుర్తొచ్చింది పండు. వెనక వీధే మా ఇల్లు. పరుగెత్తుకెళ్ళి, స్టూలెక్కి తెచ్చాను. కాస్త వడలింది. గీత ఎండిపోయి ఉంది. బూజు మాత్రం చుక్కయినా లేదు.

"ఇది బ్లీచింగు పోయకముందు ముంచిందండీ."

"ఒక్క పండుతో ఏదీ రుజువు కాదండీ" అంది నా సత్యసంధురాలు. దాని చెయ్యి గట్టిగా గిల్లాను.

యజమాని పండును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పండు సంగతి సరే. ఈవిడ తప్పు ఒప్పుకోవడం ఇరవై రెండేళ్ళలో ఇదే మొదలు. ఇంకో ముప్పై పెట్టెలు తీసుకో."

మర్నాడు అది మళ్ళీ డ్రమ్ము నింపింది. నేను పది అడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. అది స్టూలు తెచ్చి డ్రమ్ము పక్కనే వేసింది.

"కూర్చోమ్మా. దీనికి కాపలా నువ్వే."

"నేనా? ఇంత చేశాక కూడానా?"

"నీ అంత గట్టిగా ఎవరు కాస్తారు?" అని నా భుజం నొక్కి వెళ్ళిపోయింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

కాసేపటికి పనమ్మాయి అలవాటుకొద్దీ బ్లీచింగు డబ్బా పట్టుకుని వచ్చింది.

"దగ్గరికొచ్చావంటే ఊరుకోను!" అని ఒక్క అరుపు అరిచాను. "లోపల ప్రాణాలున్నాయే."